ఖజానాకు ఎన్ని తలుపులు?

ఒకటో తారీఖు పొద్దున బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం చుట్టూ నాలుగు రౌండ్లు తిరిగి గట్టు మీద కూర్చున్నాం. మా వాకింగ్ బ్యాచ్‌లో మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన ఉన్నాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, నన్ను అన్నగారూ అని పిలుస్తాడు. సచివాలయం ఉద్యోగులు పెన్షన్లు పంచడానికి బళ్ళ మీద వెళ్తుంటే కాసేపు చూసి, ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"అన్నగారూ, మీరు ఇన్నేళ్ళు ట్రెజరీలో చేశారు కదా, నాకొకటి చెప్పండి. నేను పన్ను కట్టేది రోడ్లకి, పోలీసులకి, కోర్టులకి. నా డబ్బు తీసి ఇంకొకళ్ళ చేతిలో పెట్టే హక్కు వీళ్ళకెవరిచ్చారు? ఇంతకు మించి వసూలు చెయ్యకూడదు, ఇందుకు తప్ప ఖర్చు పెట్టకూడదు అని రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదా?"

అక్కడున్న ఐదుగురిలో ముగ్గురు తలూపారు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. ముప్పై ఏళ్ళ పైచిలుకు బిల్లులు పాస్ చేసినవాణ్ణి, ఆ ప్రశ్నకి సూటిగా సమాధానం చెప్పలేకపోవడం నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. "రేపు చెప్తాలే" అని లేచాను. రేపు కాస్తా మూడు వారాలైంది. ఈలోగా పాత పుస్తకాలు తీశాను, కొన్ని తీర్పులు మళ్ళీ చదివాను. ఈ పోస్టు ఆయనకు నేనిచ్చే జవాబు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎంత పన్ను వెయ్యాలి, ఎవరికి ఖర్చు పెట్టాలి అన్న విషయంలో మన రాజ్యాంగం దాదాపు గీతలేమీ గియ్యలేదు. గియ్యకపోవడమే మంచిదయిందని నేను నమ్ముతున్నాను. అది గట్టిగా గీసిన గీతలు వేరేచోట ఉన్నాయి: డబ్బు ఏ తలుపులోంచి ఖజానాలోకి రావాలి, ఏ తలుపులోంచి బయటికి పోవాలి అన్నచోట. మనం పెన్షన్ల మీద, ఫ్రీ బస్సు మీద గొంతులు చించుకుంటున్న కాలంలోనే ఆ తలుపుల పక్కన దొడ్డిదారులు పడ్డాయి. నా బాధంతా వాటి గురించే.

అంకె రాసిన పన్ను

మా మిత్రుడు కోరుకున్నలాంటి పరిమితి రాజ్యాంగంలో నాకు కనిపించినంతలో ఒక్కటే ఉంది. ఉద్యోగం చేసిన ప్రతివాళ్ళూ ఆ పన్ను కట్టారు. జీతం స్లిప్పులో "పీటీ 200" అని కనిపించే వృత్తి పన్ను. నెలకు 200 చొప్పున ఏడాదికి 2,400. ఎందుకు 2,400 దగ్గరే ఆగింది? 276వ అధికరణ ఏడాదికి 2,500 మించకూడదంది కాబట్టి. రాజ్యాంగం రాసినప్పుడు ఆ పరిమితి 250 రూపాయలే. 1988లో అరవయ్యో సవరణతో 2,500 చేశారు. ఇక అంతే, మళ్ళీ కదల్లేదు.

ఆ అంకెకు పట్టిన గతి చూడండి. 1988లో రెండున్నర వేలంటే చిన్న ఉద్యోగికి పెద్ద మొత్తమే. ఈరోజు బెంజి సర్కిల్ దగ్గర ఒక కుటుంబం హోటల్లో భోజనం చేస్తే అంత బిల్లు అవుతుంది. నెలకు పాతిక వేలు తెచ్చుకునే గుమస్తాకూ, మూడు లక్షలు తెచ్చుకునే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకూ మన రాష్ట్రంలో అదే 200. పేదవాడికి రక్షణగా ఉంటుందనుకున్న అంకె చివరికి ధనవంతుడికే రక్షణ అయింది. దాన్ని మార్చాలంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. వృత్తి పన్ను కోసం అంత శ్రమ ఎవరు పడతారు? ఆదాయపు పన్నుకూ ఇలాగే ఓ అంకె రాసి పెట్టి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవడం కష్టం కాదు.

ఖర్చు వైపు "దీనికి వద్దు" అన్న మాట కూడా చాలా అరుదు. ఏదైనా ఒక మతాన్ని ప్రోత్సహించడానికని ప్రత్యేకంగా కేటాయించే పన్ను కట్టమని ఎవర్నీ బలవంతపెట్టకూడదని 27వ అధికరణ అంటుంది. ఆ తర్వాత వెతికితే, ఆపేవాటికంటే వదిలేసేవే ఎక్కువ. 282వ అధికరణ "ఏ ప్రజాప్రయోజనం కోసమైనా" గ్రాంటు ఇవ్వొచ్చంటుంది. ఆ విషయంలో చట్టం చేసే అధికారం తమకు లేకపోయినా సరే, ఇవ్వొచ్చు. తమిళనాడులో కలర్ టీవీలు, మిక్సీలు, గ్రైండర్లు పంచినప్పుడు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2013లో కోర్టు వాటిని కొట్టెయ్యలేదు. ఆ చర్చ అక్కడితో ముగియలేదు కూడా. 2022 ఆగస్టు 26న, చీఫ్ జస్టిస్‌గా తన ఆఖరి పనిదినాన, అప్పటి మన కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్ళిన ఎన్.వి. రమణ గారి బెంచి ఉచితాల కేసును ముగ్గురు జడ్జీల బెంచికి పంపింది.

"నేనూ కడుతున్నాగా"

ఈ పోస్టు సగం రాసి పక్కన పెట్టిన రోజు మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర బట్టల కోసం నిలబడ్డాను. ఆ బండి నడిపే ఆమెకు యాభై దాటాయి. భర్త పోయాక వితంతు పెన్షన్ వస్తోంది, నెలకు 4,000. నేను మాటవరసకు అడిగాను: "ఏమ్మా, ఇదంతా వేరేవాళ్ళు కట్టిన పన్నేనని కొందరంటున్నారు, నువ్వేమంటావు?"

ఆమె ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి, బండి మీదున్న ఫోన్ చూపించింది. "మొన్న దీనికి మూడొందలు పెట్టి రీచార్జి చేయించా. అందులో టాక్సు ఉందంట, మా పిల్లోడు చెప్పాడు. సబ్బుకుంది, నూనెకుంది. నేనూ కడుతున్నాగా సారూ."

రీచార్జి మీద జీఎస్టీ 18 శాతం. నాకూ అంతే, మిర్చి వ్యాపారికీ అంతే. పెట్రోలు మీద మన రాష్ట్రంలో వ్యాట్ 31 శాతం, అది కాక లీటరుకు నాలుగు రూపాయలు, ఆ పైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. ఆమె ఎక్కే షేర్ ఆటో కూడా పెట్రోలు బంకు దగ్గర ఆగుతుంది. "నా పన్ను" అని ఒక మూట, "వాళ్ళ సంక్షేమం" అని ఇంకో మూట విడిగా కట్టడం కుదరదని నాకు అప్పుడు బాగా అర్థమైంది. 266వ అధికరణ చెప్పేది కూడా అదే. వచ్చిన ఆదాయం, తెచ్చిన అప్పు, అన్నీ ఒకే నిధిలో పడాలి. సంచిత నిధి. అందులో పడ్డాక ఏ రూపాయి ఎవరిదో గుర్తుండదు, ఉండకూడదు కూడా.

ఇంకోటి కూడా దాచకుండా చెప్పాలి. నేను బతికేది పెన్షన్ మీద. ప్రభుత్వోద్యోగి పెన్షన్ దయాభిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. మేమంతా ఆ రోజును పెన్షనర్ల దినంగా జరుపుకుంటాం. నాది హక్కు, ఆమెది ఉచితం అని చెప్పడానికి నా నోరు రాదు. నేను ఉద్యోగం చేశాను, నిజమే. ఆమె చేసింది కూడా పనే.

"తప్ప" అన్న మాట

అయితే రాజ్యాంగం చేతులు ముడుచుకుని కూర్చుందా? లేదు. మూడు వారాలుగా పుస్తకం తిరగేస్తుంటే ఒక చిన్న మాట దగ్గర నా కన్ను మళ్ళీ మళ్ళీ ఆగింది. "తప్ప."

చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఏ పన్నూ వెయ్యకూడదు, వసూలు చెయ్యకూడదు. ఇది 265. చట్టం ప్రకారం, రాజ్యాంగం చెప్పిన ప్రయోజనాలకు, చెప్పిన పద్ధతిలో తప్ప సంచిత నిధి నుంచి పైసా తియ్యకూడదు. ఇది 266(3). రాష్ట్రంలో ఆ చట్టం పేరు ద్రవ్య వినిమయ బిల్లు, అది 204. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోకూడదు. ఇది 300ఏ, నలభై నాలుగో సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి బయటికొచ్చాక మిగిలింది.

ప్రతిచోటా ఒకటే షరతు: సభకు రా, అందరి ముందూ అడుగు, చట్టం చేయించుకో, తర్వాత తీసుకో. ఎంత అన్నది సభ చూసుకుంటుంది, సభ సంగతి ఓటరు చూసుకుంటాడు.

1948 నవంబరు 15న రాజ్యాంగ సభలో కె.టి. షా గారు "సోషలిస్టు" అన్న మాటను మొదటి అధికరణలోనే చేర్చాలని సవరణ పెడితే అంబేద్కర్ ఒప్పుకోలేదు. సమాజం ఆర్థికంగా ఎలా ఉండాలో ఎప్పటికప్పుడు ప్రజలు తేల్చుకోవాల్సిన విషయమనీ, దాన్ని రాజ్యాంగంలో కట్టిపడేస్తే ఆ స్వేచ్ఛ పోతుందనీ ఆయన వాదన. సోషలిజానికి వర్తించిన ఆ మాట పన్ను పరిమితికీ వర్తిస్తుందని నా నమ్మకం. "సంపద పంచాల్సిందే" అని శాసించలేనప్పుడు "పంచనే కూడదు" అని కూడా శాసించలేం కదా. సంపద కొద్దిమంది దగ్గరే పోగుపడకుండా చూడమని 39వ అధికరణలో ఉంది, కానీ అది ఆదేశిక సూత్రం, కోర్టుకెళ్ళి అమలు చేయించుకునేది కాదు. అదే అధికరణలో "సమాజపు భౌతిక వనరులు" అన్న మాట కిందికి ప్రతి ప్రైవేటు ఆస్తీ వస్తుందని అనలేమని 2024 నవంబరు 5న తొమ్మిది మంది జడ్జీల బెంచి మెజారిటీతో తేల్చింది. మా మిత్రుడికి ఈ తీర్పు నచ్చుతుంది. నాకూ నచ్చింది.

సమ్మతి లేని పన్నంటే ఏమిటో మన గుంటూరు సీమకు ఎవరూ నేర్పక్కర్లేదు. చీరాల, పేరాల అప్పట్లో ఈ జిల్లాలోవే. అడగకుండా మునిసిపాలిటీ చేసి పన్నులు ఎన్నో రెట్లు పెంచితే, 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద వేలమంది ఇళ్ళకు తాళాలేసి ఊరవతల రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఆ మరుసటి ఏడాది పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టడం మానేశారు. వాళ్ళకు పన్నులంటే కోపం కాదు. తమను ఒక్క మాట కూడా అడగని సర్కారుకు ఎందుకు కట్టాలన్నది వాళ్ళ పట్టుదల. మా తాతగారి ఊరు పెదనందిపాడుకి దగ్గరే. కరణాలు, మునసబులు రాజీనామాలు ఇచ్చిన సంగతి మా ఇంట్లో కథలా చెప్పుకునేవాళ్ళం. 265వ అధికరణ చదివినప్పుడల్లా నాకు ఆ పాకలు, ఆ రాజీనామాలు గుర్తొస్తాయి.

ఈ "తప్ప" ఇచ్చే చేతికే కాదు, ఆపే చేతికీ వర్తిస్తుంది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు మన రాష్ట్రంలో ఉద్యోగుల జీతాల్లో, పెన్షన్లలో కొంత భాగం ఒక జీవోతో వాయిదా వేశారు. ఆపద కాలం, ఎవరం పెద్దగా మాట్లాడలేదు. హైకోర్టు మాత్రం దీనికి చట్టం ఏదని అడిగింది. చివరికి 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు బకాయిల మీద 6 శాతం వడ్డీ ఇవ్వమంది.

మార్చి 31 రాత్రి

ఇక తలుపుల పక్కన పడ్డ దారుల సంగతి. ఊరు పేరు, శాఖ పేరు చెప్పను. ఆ పని చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి వేరేవాళ్ళ మీద వేలు చూపించలేను.

అంతా ఆన్‌లైన్ కాకముందు మాట. మార్చి 31 రాత్రి సబ్ ట్రెజరీలో లైట్లు ఆరేవి కాదు. వరండా నిండా గుమస్తాలు, చేతుల్లో ఇత్తడి టోకెన్లు, నేల మీద పురికొసతో కట్టిన బిల్లు కట్టలు, కిటికీలో టీ ఫ్లాస్కు. పన్నెండు కొడితే ఆ ఏడాది బడ్జెట్ మురిగిపోతుంది. మిగిలిపోయిన డబ్బు సభకు వెనక్కి వెళ్ళినట్టే, కావాలంటే మళ్ళీ అడిగి తెచ్చుకోవాలి. ఏడాదికోసారి లెక్క సున్నా చేసి మళ్ళీ సభ గుమ్మం ఎక్కించడం, అసలు మొత్తం ఏర్పాటులో ప్రాణం అక్కడే ఉంది.

పదకొండుంపావుకి ఒక సూపరింటెండెంటు బిల్లు తెచ్చాడు. స్కూళ్ళకు బెంచీలు. లక్షల్లో ఉంది. ఎవరి దగ్గర కొన్నారో ఇన్వాయిస్ లేదు. డబ్బు సంచిత నిధి నుంచి తీసి ఆ శాఖ పీడీ ఖాతాలో జమ చెయ్యమని మాత్రం ఉంది. పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతా అంటే తెలియనివాళ్ళ కోసం: అది సంచిత నిధిలో కాదు, పబ్లిక్ అకౌంటు అనే వేరే పద్దులో ఉంటుంది, మార్చి 31 వచ్చినా మురిగిపోదు. అందులో పడగానే లెక్కల్లో "ఖర్చయింది" అని వచ్చేస్తుంది, బెంచీ అన్నది ఒక్కటీ రాకపోయినా.

వెంటనే చెల్లించాల్సి ఉంటే తప్ప ఖజానా నుంచి డబ్బు తియ్యకూడదన్నది మాకు ఉద్యోగంలో చేరిన వారంలోనే నేర్పే నియమం. ఎర్ర ఇంకుతో బిల్లు అంచున రాశాను: "తక్షణ చెల్లింపు అవసరం ఏమిటో తెలపండి." ఆయన బిల్లు తీసుకుని బయటికి వెళ్ళాడు. పది నిమిషాల్లో ఫోన్ మోగింది. పైనుంచి. మర్యాదగానే మాట్లాడారు. "పిల్లల బెంచీలండీ, మురిగిపోతే ఎవరికి నష్టం?" అన్నారు. పదకొండు నలభైకి నేను ఆ ఎర్ర ఇంకు గీత పక్కనే సంతకం పెట్టాను.

ఆ డబ్బు ఏమైందో రెండేళ్ళ తర్వాత, నేను బదిలీ మీద ఇంకో ఊరు వెళ్ళాక తెలిసింది. వేరే పనికి వాడేశారు. మంచి పనే కావచ్చు, దొంగతనం జరిగిందని నేననడం లేదు. కానీ సభ ఓటేసింది బెంచీలకు. లెక్కల పుస్తకంలో ఇప్పటికీ బెంచీలే ఉంటాయి.

ఇది ఒక్క సబ్ ట్రెజరీలో ఒక్క రాత్రి. పీడీ ఖాతాల గురించి, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికల్లో మళ్ళీ మళ్ళీ ఆక్షేపణలు వస్తూనే ఉన్నాయి. అలాంటిదే ఇంకోటి, సభ మంజూరు చేసినదానికంటే ఎక్కువ ఖర్చు పెట్టేసి, 205వ అధికరణ కింద ఆమోదం తెచ్చుకోకుండా సంవత్సరాలు వదిలెయ్యడం. ఇంట్లో ఎవరైనా అడక్కుండా బీరువాలోంచి డబ్బు తీస్తే ఊరుకోం. ఇక్కడ మాత్రం "క్రమబద్ధీకరణ పెండింగ్" అని ఒక వాక్యంతో సరిపోతోంది. అనుబంధ పద్దులనీ (ఏడాది మధ్యలో అదనంగా అడిగే డబ్బు), గిలెటిన్ అనీ (గడువు అయిపోగానే మిగిలిన పద్దులన్నీ ఒకేసారి ఓటుకు పెట్టడం), చర్చే లేకుండా వేల కోట్లకు చేతులెత్తడం ఎలాగూ ఉంది. ఒక పెన్షన్ అర్హత మీద నెలల తరబడి రచ్చ చేసే మనం వీటి మీద ఒక్క పూటైనా వాదించుకున్నామా?

పేరు మార్చిన పన్ను, ఊరు మార్చిన అప్పు

పన్నుకు చట్టం కావాలి, సభ కావాలి, రాజకీయంగా చెడ్డపేరు కూడా వస్తుంది. కాబట్టి ఫీజు అంటారు, యూజర్ ఛార్జీ అంటారు, సెస్సు అంటారు. 2021లో ఇంటింటా చెత్తకు యూజర్ ఛార్జీ మొదలైనప్పుడు జనం ఆ పేరును పట్టించుకోలేదు, మొదటి రోజు నుంచీ "చెత్త పన్ను" అనే అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక దాన్ని ఎత్తేశారు. జనం పెట్టిన పేరే సరైందని నేననుకుంటాను. సేవకు తగ్గ సొమ్ము ఫీజు, సేవతో సంబంధం లేకుండా బలవంతంగా తీసుకునేది పన్ను అని 1954లో సుప్రీంకోర్టు తేడా చెప్పింది. తర్వాత ఆ గీత పలచబడుతూ వచ్చింది. మన రాష్ట్రం కేసులోనే, మార్కెట్ యార్డు సెస్సు వందకు అర్ధరూపాయి నుంచి రూపాయి చేస్తే 1983లో కోర్టు సమర్థించింది. ఇచ్చినదానికీ పుచ్చుకున్నదానికీ కచ్చితంగా తూకం సరిపోనక్కర్లేదంది. ఈ సంగతి చెప్తే మా మిర్చి మిత్రుడి ముఖం మారిపోయింది. రోజూ ఆ సెస్సు లెక్క రాసేది ఆయనే. ఆ డబ్బు పడేది సంచిత నిధిలో కాదు, మార్కెట్ కమిటీ నిధిలో.

ఢిల్లీ చేసేదీ ఇదే. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం అంటారు. సెస్సులు, సర్‌ఛార్జీలు ఆ పంపకంలోకి రావు. కట్టే మనకు తేడా తెలియదు, పంచుకునే దగ్గర మాత్రం తెలుస్తుంది.

అప్పు సంగతి ఇంకా ఘోరం. 292, 293 అధికరణలు చదివితే ఒక చోట ఆగిపోతాం. చట్టసభ నిర్ణయించే పరిమితులు "ఏమైనా ఉంటే" వాటికి లోబడి అప్పు చెయ్యొచ్చట. ఆ "ఏమైనా ఉంటే" చాలాకాలం లేనే లేదు. కేంద్రం 2003లో, మన రాష్ట్రం 2005లో ద్రవ్య బాధ్యత చట్టాలు చేసుకున్నాక గానీ ఒక హద్దు రాలేదు. హద్దు రాగానే పక్కదారి వచ్చింది. ప్రభుత్వం పేరుతో కాకుండా కార్పొరేషన్ పేరుతో అప్పు, దానికి ప్రభుత్వ గ్యారంటీ, తీర్చేది ప్రభుత్వ ఆదాయంతోనే. ఏ పార్టీ ఉన్నా ఇది ఆగలేదు, ఒక్క మన రాష్ట్రమే కాదు కూడా. 2022 నుంచి ఆ అప్పుల్ని కూడా రాష్ట్రం లెక్కలోనే కలుపుతామని కేంద్రం అంటే, కేరళ సుప్రీంకోర్టుకెళ్ళింది. 2024 ఏప్రిల్‌లో ఆ కేసు రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్ళింది. కేరళ వాదనలో కొంత న్యాయం ఉంది. ఒక రాష్ట్రం తన అప్పు తాను చేసుకోవడానికి కేంద్రం పెత్తనమేమిటన్నది మామూలు ప్రశ్న కాదు. నేను కోరేది కేంద్రం అనుమతి కాదు. రేపు తీర్చాల్సిన ప్రతి రూపాయీ మన సభ ముందుకు, మన బడ్జెట్ పుస్తకంలోకి రావాలని.

నా అనుమానాలు

ఇదంతా రాశాక కూడా ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. తలుపు గట్టిగా ఉంటే చాలా? సభలో మెజారిటీ ఉన్నవాళ్ళు చట్టం చేసేసి ఎంతైనా పీక్కోవచ్చా? 1973-74లో మన దేశంలో ఆదాయపు పన్ను పై శ్లాబు, సర్‌ఛార్జీతో కలిపి, 97.75 శాతం. ఆ శ్లాబులో వంద సంపాదిస్తే చేతికి మిగిలేది రెండు రూపాయల పావలా. అదీ చట్టం ప్రకారమే. నేరాలకు వెనక తేదీతో శిక్ష వెయ్యకూడదని రాజ్యాంగంలో ఉంది. వెనక తేదీతో పన్ను వెయ్యకూడదని మాత్రం లేదు. వొడాఫోన్ విషయంలో 2012లో అదే చేసి, 2021లో వెనక్కి తీసుకున్నారు. మా మిత్రుడి భయం ఉత్తిది కాదని ఒప్పుకుంటాను.

ఒకచోట కోర్టు ఆదుకున్న ఉదాహరణ ఉంది. కేరళలో భూమి ఎలాంటిదైనా ఎకరానికి రెండు రూపాయలని ఒకే పన్ను వేశారు. ఏడాదికి 3,100 రూపాయలు వచ్చే అడవి మీద 54,000 పన్ను పడింది. 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. పన్ను ఎక్కువైందని కాదు, సమానత్వానికి విరుద్ధమని. పండే భూమినీ, ఎండిన భూమినీ ఒకే గాటన కట్టారని. 265వ అధికరణ కోరే చట్టం రాజ్యాంగంలోని మిగతా షరతులకు కూడా నిలబడాలంది. అంకె రాయకుండానే అన్యాయాన్ని పట్టుకోగల పద్ధతి అది. నాకు ఇదే మేలనిపిస్తుంది.

జర్మనీవాళ్ళు అంకె రాసి చూశారు. 2009లో కేంద్ర ప్రభుత్వ లోటు జీడీపీలో 0.35 శాతం దాటకూడదని రాజ్యాంగంలోనే పెట్టుకున్నారు. కోవిడ్ కోసం తీసుకున్న అప్పు అనుమతిలో మిగిలిన 60 బిలియన్ యూరోలను ఇంకో నిధికి మళ్ళిస్తే 2023 నవంబరులో వాళ్ళ కోర్టు కొట్టేసింది. ఆ మళ్ళింపు చూసినప్పుడు నాకు మా పీడీ ఖాతా గుర్తొచ్చింది. మన దగ్గర కూడా ఏదైనా కోర్టు ఇలా పట్టుకుంటే బాగుండుననిపించింది. కానీ 2025 మార్చికల్లా రక్షణ ఖర్చు కోసం ఆ రాజ్యాంగ పరిమితినే సడలించుకున్నారు. అంకె నిలబడలేదు. ఏ పని కోసం అడిగితే దానికే వాడాలన్న సూత్రం మాత్రం కోర్టులో నిలబడింది. నాకు కావాల్సింది ఆ రెండోదే.

మొన్న ఆదివారం ఇదంతా మా మిత్రుడికి చెప్పాను. పెన్షన్ల విషయంలో ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. "అవసరం లేనివాళ్ళకి కూడా పోతోంది అన్నగారూ, అది చూడాలి" అన్నాడు. అది న్యాయమైన మాటే, దానికి నా దగ్గర అడ్డు వాదన లేదు. కానీ బెంచీల సంగతి చెప్పినప్పుడు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు మీరు?" అన్నాడు చివరికి. ఏమంటాను. తల దించుకున్నాను.

మా ఎమ్మెల్యే నెలకోసారి స్టేడియానికి వస్తుంటారు. ఈసారి అడగడానికి ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాశాను. పోయిన సమావేశంలో అనుబంధ పద్దుల మీద ఎంతసేపు చర్చించారు? మన జిల్లాలో మార్చి 31 నాటికి పీడీ ఖాతాల్లో ఎంత ఉంది? లీటరుకు రూపాయి చొప్పున వసూలైన రోడ్డు సెస్సులో రోడ్లకెళ్ళింది ఎంత? మా మిత్రుడు కాగితం తీసుకుని చదివి, జేబులోంచి పెన్ను తీసి, కింద తన చేత్తో నాలుగోది రాశాడు: "యార్డు సెస్సు కూడా." కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేనే అడుగుతాను అన్నాడు.